అణ్వాయుధాలున్న శత్రుదేశంతో మాట్లాడటమా, తలపడటమా?

ప్రశ్న: కావలి అధ్యాపకురాలు

అందరికీ నమస్కారం. నేను కావలిలో డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం చెబుతాను. అణ్వాయుధాలు చేతిలో ఉన్న శత్రుదేశంతో దౌత్యం మేలా, బలప్రయోగం మేలా అన్న మాట తరగతిలో వచ్చినప్పుడల్లా పిల్లలు రెండు జట్లుగా విడిపోతున్నారు. ఉగ్రవాదులను ఉసిగొల్పేవాడితో మాటలేమిటని ఒక జట్టు అంటే, యుద్ధం వస్తే ఇటూ అటూ ఎవరూ మిగలరని రెండో జట్టు అంటుంది. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో కాల్చి చంపిన 26 మందిలో మన నెల్లూరు జిల్లా మనిషి కూడా ఉన్నారు కాబట్టి, ఇక్కడి పిల్లలకు ఇది పరీక్ష కోసం చదివి మరిచిపోయే పాఠం కాదు.

నాకు ఈ రెండు వాదనల్లో ఏదీ తృప్తి కలిగించడం లేదు. తలపడాలనేవారు, తలపడిన తరువాత ఎక్కడ ఆగాలో, ఎలా ఆగాలో చెప్పరు. వద్దనేవారు, మన భయాన్నే అవతలివాడు ఆయుధంగా చేసుకుంటే ఏం చేయాలో చెప్పరు. సామ దాన భేద దండోపాయాలని వరుసగా చెప్పుకుంటాం. నాలుగో ఉపాయం పూర్తిగా ప్రయోగిస్తే ప్రయోగించినవాడూ పోయే పరిస్థితిలో ఆ వరుసను ఎలా అర్థం చేసుకోవాలి?

అందుకని తెలిసినవారిని అడుగుతున్నాను. శత్రుత్వం శత్రుత్వంగానే ఉండగా దౌత్యం నిజంగా సాధించినది ఏమిటి? బలం చూపితేనే పని జరిగిన సందర్భాలు ఏవి? నమ్మి చేయి చాచి మోసపోయిన దేశం మళ్ళీ ఏ ఆధారంతో మాట్లాడాలి? జరిగిన సంఘటనలతో వివరిస్తే వాటినే పిల్లల ముందు పెడతాను.

జవాబు: ఒంగోలు విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు

అమ్మా, మీ మొదటి రెండు ప్రశ్నలకూ ఒకే సంఘటనలో జవాబు దొరుకుతుంది కాబట్టి దాన్ని కొంచెం నిదానంగా చెబుతాను. 1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ యూనియన్ రహస్యంగా అణు క్షిపణులను నిలుపుతున్న సంగతి అమెరికా గూఢచారి విమానం తీసిన ఫొటోల వల్ల బయటపడింది. 16వ తేదీ ఉదయం ఆ ఫొటోలు అమెరికా అధ్యక్షుడు కెనడీ ముందుకు వచ్చాయి. 28న సోవియట్ నాయకుడు కృశ్చేవ్ క్షిపణులను వెనక్కి తీసుకుంటున్నానని ప్రకటించాడు. కెనడీ గుడ్లురిమితే కృశ్చేవ్ తోక ముడిచాడన్నట్టుగా ఈ కథ చాలాకాలం ప్రచారంలో ఉంది, ఇప్పటికీ బలప్రయోగాన్ని సమర్థించేవారు దీన్నే ఉదాహరణగా చూపిస్తారు. జరిగింది వేరు.

సైనికాధిపతులు వెంటనే వైమానిక దాడి చేసి, ఆ వెనుకే క్యూబా మీద దండెత్తాలని పట్టుబట్టారు. కెనడీ అందుకు ఒప్పుకోకుండా, కొత్తగా ఆయుధాలు రాకుండా నౌకాదళాన్ని క్యూబా చుట్టూ మోహరించాడు. అది బలప్రయోగమే, సందేహం లేదు. అయితే అక్టోబరు 27 రాత్రి ఆయన తమ్ముడు రాబర్ట్ కెనడీ, వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబారి డోబ్రినిన్‌ను పిలిపించుకుని మాట్లాడాడు. మీరు క్యూబా నుంచి క్షిపణులు తీసేస్తే మేము క్యూబా మీదికి దండెత్తబోమని మాట ఇస్తాం, టర్కీలో మేము నిలిపిన జూపిటర్ క్షిపణులను కూడా నాలుగైదు నెలల్లో తొలగిస్తాం, కాని ఈ రెండో సంగతి బయటికి పొక్కకూడదు అన్నది ఆ మాటల సారాంశం. 1963 ఏప్రిల్ నాటికి టర్కీలోని క్షిపణులు వెళ్ళిపోయాయి. ఇచ్చిపుచ్చుకున్న ఆ బేరం చాలా ఏళ్ళపాటు లోకానికి తెలియలేదు కాబట్టే కెనడీ మొండిగా నిలబడి గెలిచాడన్న కథ నిలిచిపోయింది.

దాడి చేద్దామన్నవారికి తెలియని సంగతులు ఎన్ని ఉన్నాయో పిల్లలకు తప్పకుండా చెప్పండి. క్యూబాలో ఉన్న సోవియట్ సైనికులు పది వేలకు మించరని అమెరికా అంచనా వేసింది. నిజానికి నలభై వేల పైచిలుకు ఉన్నారు. తీరానికి వచ్చే సైన్యం మీద ప్రయోగించడానికి వాళ్ళ దగ్గర చిన్న అణ్వాయుధాలు కూడా ఉన్నాయి. ఈ సంగతి 1992లో హవానాలో మూడు దేశాల పాత అధికారులు కలిసి కూర్చున్నప్పుడు గాని బయటపడలేదు. సంక్షోభ సమయంలో అమెరికా రక్షణ మంత్రిగా ఉన్న మెక్‌నమారా ఆ సమావేశంలో ఉండి ఈ మాట విన్నాడు. దండెత్తి ఉంటే ఏమై ఉండేదో ఆయన అప్పుడు లెక్క వేసుకోవలసి వచ్చింది. మళ్ళీ అదే 27వ తేదీన, నీటి అడుగున ఉన్న ఒక సోవియట్ జలాంతర్గామిని పైకి రప్పించడానికి అమెరికా నౌకలు చిన్నపాటి పేలుడు గుళ్ళు వదులుతుంటే, పైన యుద్ధం మొదలైపోయిందనుకుని దాని కెప్టెన్ అణు టార్పెడోను సిద్ధం చేయబోయాడు. ఆర్ఖిపోవ్ అనే తోటి అధికారి వారించబట్టి అది ఆగింది.

కాబట్టి నౌకల మోహరింపు కెనడీకి వ్యవధిని సంపాదించి పెట్టింది. సంకటాన్ని ముగించింది మాత్రం రాయబారితో రహస్యంగా జరిగిన బేరమే. ఆ మరుసటి ఏడాది జూన్‌లో వాషింగ్టన్, మాస్కోల మధ్య నేరుగా సందేశాలు పంపుకునే ఏర్పాటు చేసుకున్నారు. ఆగస్టులో గాలిలో, నీటిలో, అంతరిక్షంలో అణు పరీక్షలు చేయకూడదన్న ఒప్పందం కుదిరింది. వాళ్ళ వైరం మాత్రం ఇంకో పాతికేళ్ళు సాగింది.

జవాబు: పొదిలి మాజీ సైనికుడు

మాస్టారు గారికీ, మేడమ్ గారికీ నమస్కారం. మాస్టారు చెప్పిన చరిత్రలో తప్పు లేదు, కాని దాన్ని మన పొరుగుకు అన్వయించడంలో నాకు అభ్యంతరం ఉంది. కెనడీ ఎదుట ఉన్నవాడు తన సైన్యాన్ని తన అదుపులో పెట్టుకున్నవాడు, క్షిపణులు తీస్తానని తీసినవాడు. మనకు ఎదురైంది అది కాదు. 1999 ఫిబ్రవరి 20న వాజ్‌పేయి బస్సులో వాఘా దాటి లాహోరుకు వెళ్ళారు, మరునాడు లాహోర్ ప్రకటన మీద సంతకాలు అయ్యాయి. అదే చలికాలంలో పాకిస్థాన్ సైనికులు కార్గిల్ శిఖరాల మీద మనం ఖాళీ చేసిన స్థావరాల్లోకి చేరుతున్నారు. ఆ శిఖరాలను తిరిగి తెచ్చుకోవడానికి 527 మంది మనవాళ్ళు ప్రాణాలిచ్చారు. 2001 డిసెంబరు 13న పార్లమెంటు, 2008 నవంబరు 26న ముంబయి, తరువాతవి మీకు తెలిసినవే. దాడి జరగడం, మాటలు ఆగడం, కొన్నాళ్ళకు మళ్ళీ కూర్చోవడం, మళ్ళీ దాడి జరగడం ఒక ఆనవాయితీగా మారితే, ఆ కూర్చోవడమే వాళ్ళకు బహుమానం అవుతుంది. దాడికి వెల కట్టవలసి వస్తుందని తెలియనంత కాలం వాళ్ళు ఆపరు. రాయబారానికి వెళ్ళిన శ్రీకృష్ణుడి వెనుక కూడా ఏడు అక్షౌహిణుల సేన సిద్ధంగా ఉంది.

అట్లాగని కళ్ళు మూసుకుని దూకాలని నేను అనను. కార్గిల్‌లో నియంత్రణ రేఖ దాటవద్దని ప్రభుత్వం సైన్యానికీ, వాయుసేనకూ గట్టి ఆజ్ఞ ఇచ్చింది. చుట్టూ తిరిగి వెనుక నుంచి సరఫరాలను తెగ్గొట్టే వీలు లేక, పైనుంచి కాల్పులు కురుస్తుండగా నిట్టనిలువు కొండలను ఎదురుగా ఎక్కవలసి వచ్చింది. ఆ ఆజ్ఞ వల్ల ఎక్కువ మందిని పోగొట్టుకున్నామన్న బాధ సైన్యంలో పనిచేసిన ఎవరికైనా ఉంటుంది. అయినా రేఖ దాటనందువల్లనే ప్రపంచం మొత్తం దురాక్రమణ ఎవరిదో తేల్చి చెప్పగలిగింది. జులై 4న పాకిస్థాన్ ప్రధాని నవాజ్ షరీఫ్ వాషింగ్టన్ పరుగెత్తితే, సైన్యాన్ని వెనక్కి పిలవక తప్పదని అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ముఖం మీదే చెప్పాడు. శిఖరాల మీద మనవాళ్ళు గెలుస్తూ ఉండటమూ, ఢిల్లీ అదుపు తప్పకుండా ఉండటమూ రెండూ కలిసి ఆ పని చేశాయి.

నియంత్రణ రేఖ సంగతి పేపర్లలో తక్కువగా వస్తుంది కాబట్టి ఇది కూడా చెబుతాను. 2020లో ఐదు వేలకు పైగా కాల్పుల విరమణ ఉల్లంఘనలు జరిగాయని మన ప్రభుత్వమే లెక్క చెప్పింది. రేఖ దగ్గర కాపలా అంటే ఏమిటో చూడనివారికి ఆ అంకె అర్థం కాదు. మోర్టారు గుండు పడే చప్పుడును బట్టి ఎంత దూరంలో పడిందో పోల్చుకోవడం అక్కడి బడిపిల్లలకు కూడా వచ్చేస్తుంది. కంచె పక్కన పొలం ఉన్న రైతు పండిన మొక్కజొన్నను కోయలేక అట్లాగే వదిలేస్తాడు. ఇంటి వెనుక తవ్విన బంకరులో ముసలివాళ్ళను ముందు దింపి, తరువాత గొడ్ల తాళ్ళు విప్పుతారు. 2021 ఫిబ్రవరి 25న రెండు దేశాల సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్ళు హాట్‌లైన్‌లో మాట్లాడుకుని, పాత విరమణకు కట్టుబడి ఉంటామని ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. కాల్పులు దాదాపుగా ఆగిపోయాయి, పహల్గాం దాకా ఆగాయి. ఏళ్ళ తరబడి ఫిరంగులు తేలేని ఫలితం అది అని ఒప్పుకుంటాను. అయితే ఆ మాటలు నడిపింది యూనిఫాం వేసుకున్నవాళ్ళు, మాట్లాడింది ఒక్క విషయం గురించి, అమలు అయిందో లేదో అదే రాత్రి తెలిసిపోయే విషయం గురించి. నేను నమ్మే దౌత్యం అంతవరకే.

2025 మే 10న కూడా ఇదే జరిగింది. 7వ తేదీ ఆపరేషన్ సిందూర్ మొదలైంది. 10న మధ్యాహ్నం 3 గంటల 35 నిమిషాలకు పాకిస్థాన్ డైరెక్టర్ జనరల్ మన డైరెక్టర్ జనరల్‌కు ఫోన్ చేశాడు, సాయంత్రం 5 గంటలకు నేల మీద, గాలిలో, సముద్రంలో కాల్పులు ఆపాలని అనుకున్నారు. మన దెబ్బ తగిలిన తరువాతే ఆ ఫోన్ మోగిందని మరిచిపోవద్దు.

జవాబు: సూళ్ళూరుపేట ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు

సుబేదారు గారూ, ఫోన్ మోగడానికి దెబ్బ కారణమన్న మీ మాటతో నేను గొడవ పడను. కాని మనిషి కావాలని చేసిన పనులనే మీరూ మాస్టారూ లెక్కలోకి తీసుకుంటున్నారు. యంత్రం పొరపాటు పడితే ఏమవుతుందన్నది నాకు అంతకంటే పెద్ద భయం.

షార్ రాకెట్ ప్రయోగ కేంద్రం ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్ళినా, శ్రీహరికోటలో రాకెట్ లేచిందంటే నెల్లూరు మిద్దెల మీద జనం నిలబడి చూస్తారు. ప్రయోగం ఉన్న రోజు సముద్రంలోకి పడవలు పోరాదని తీరంలోని పాలేలకు ముందే కబురు వస్తుంది, ఓడలకూ విమానాలకూ హెచ్చరికలు వెళతాయి. ఇదంతా మామూలు తతంగంలా కనిపిస్తుంది. 1995 జనవరి 25న నార్వేలో ధ్రువకాంతుల అధ్యయనం కోసం ఒక శాస్త్రీయ రాకెట్‌ను ప్రయోగించారు. ఆ సంగతి నార్వే కొన్ని వారాల ముందే రష్యాకు తెలియజేసింది, కాని ఆ కబురు రాడార్ల దగ్గర కూర్చున్నవాళ్ళ దాకా చేరలేదు. తెర మీద కనిపించింది అమెరికా జలాంతర్గామి వదిలిన క్షిపణి కావచ్చునని వాళ్ళు పైకి చెప్పారు. అణ్వాయుధాల ఆజ్ఞలకు వాడే పెట్టె రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ముందు తెరుచుకుంది. రాకెట్ తమ వైపు రావడం లేదని తేలేవరకు గడిచిన నిమిషాల్లో ఏమైనా జరగవచ్చు. అప్పటికి అమెరికా, రష్యాల మధ్య స్నేహమే ఉంది. అదే 1983లో, రెండు దేశాలూ కారాలు మిరియాలు నూరుకుంటున్న సమయంలో ఇంతకంటే పెద్ద ప్రమాదం తప్పింది. సెప్టెంబరు 26న సోవియట్ ఉపగ్రహాలు అమెరికా నుంచి ఐదు క్షిపణులు వస్తున్నాయని చూపించాయి. నిజంగా దాడి చేసేవాడు ఐదింటితో మొదలుపెట్టడని పెట్రోవ్ అనే అధికారి తనంతట తాను నిర్ణయించుకుని, తప్పుడు హెచ్చరికగా పైకి తెలియజేశాడు. ఉపగ్రహాలు చూసింది మేఘాల మీద పడిన సూర్యకాంతి.

మన ఇంటి సంగతికి వద్దాం. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్థాన్‌లోని మియాఁ చన్నూ దగ్గర పడింది. దేవుడి దయ వల్ల ప్రాణనష్టం లేదు. పొరపాటు జరిగిందని మన రక్షణ శాఖ 11న బహిరంగంగా చెప్పింది, ఆగస్టులో ముగ్గురు వాయుసేన అధికారులను తొలగించారు. క్షిపణి పరీక్షల గురించి ముందుగా తెలియజేసుకోవాలని 2005లో రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందం, రాకెట్‌లా పైకి లేచి వంపు దారిలో వచ్చి పడే బాలిస్టిక్ క్షిపణులకే వర్తిస్తుంది; బ్రహ్మోస్ విమానంలా గాలిలో దూసుకుపోయే క్రూయిజ్ క్షిపణి కాబట్టి ఆ ఒప్పందం కిందికి రాదు. అది బాలాకోట్ దాడి మరునాడైన 2019 ఫిబ్రవరి 27 లాంటి రోజున ఎగిరి ఉంటే ఏమై ఉండేదో ఆలోచించండి. ఆ ఉదయం ఆకాశంలో పోరు సాగుతుండగా, బడ్గాంలో మన హెలికాప్టర్‌నే శత్రువుదనుకుని మనవాళ్ళే కూల్చేశారు. ఆరుగురు వాయుసైనికులు, నేల మీద ఉన్న ఒక పౌరుడు చనిపోయారు. ఉద్రిక్తత పెరిగినకొద్దీ, తెర మీద కనిపించే ప్రతి చుక్కా శత్రువుగానే తోస్తుంది. శత్రువును మార్చడం కోసం కాకపోయినా, ఆ చుక్క ఏమిటో అడగడానికైనా మాటల దారి ఉండాలి.

జవాబు: చీమకుర్తి గ్రానైట్ వ్యాపారి

అందరూ పాకిస్థాన్ గురించే మాట్లాడుతున్నారు, చైనా కూడా అణ్వాయుధాలున్న పొరుగే. మా చీమకుర్తి గెలాక్సీ రాయికి చైనా పెద్ద కొనుగోలుదారు, కాబట్టి 2020 జూన్ 15న లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 20 మంది మన సైనికులు అమరులైన వార్త విన్న రోజున మాలో కోపమూ ఉంది, క్వారీల్లో లేబరుకు పని ఉంటుందా అన్న దిగులూ ఉంది. ఆ రాత్రి అంత ఘోరం జరిగినా ఒక్క తుపాకీ పేలలేదు. చైనాతో మన సరిహద్దుగా ఉన్న వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపరాదని 1996లో చేసుకున్న ఒప్పందం అందుకు కారణం. ఆ ఒప్పందం మనవాళ్ళ ప్రాణాలను కాపాడలేకపోయింది నిజమే, కాని రాళ్ళతో కర్రలతో మొదలైనది ఫిరంగుల దాకా పోలేదు.

ఆ తరువాత మన ప్రభుత్వం లద్దాఖ్‌లో పదుల వేల సైన్యాన్ని అట్లాగే నిలబెట్టి ఉంచింది, ఇంకోపక్క ఇరవైకి పైగా విడతలు కోర్ కమాండర్ల చర్చలు జరిపింది, 2021లో రెండు దేశాల వ్యాపారం 12,500 కోట్ల డాలర్లు దాటింది. 2024 అక్టోబరు 21న గస్తీ గురించి ఒప్పందం కుదిరిందని ప్రకటించారు. నాలుగేళ్ళు పట్టింది. వ్యాపారం ఉన్నంత మాత్రాన యుద్ధం రాదని నేను చెప్పలేను, అది నేను నమ్మను కూడా. సైన్యం కదలకుండా ఉండగానే మాటలు సాగాయన్నది మాత్రం కళ్ళ ముందు జరిగింది.

కావలి అధ్యాపకురాలు

అందరికీ కృతజ్ఞతలు. ఒక విద్యార్థిని ఇవాళ గట్టి ప్రశ్న వేసింది. ఉత్తర కొరియాతో అమెరికా ఒప్పందం చేసుకుంది, ఆ దేశం చివరికి బాంబు తయారు చేసుకుంది. మరి మాటల వల్ల మోసపోవడం తప్ప ఏం మిగిలింది అని. మాస్టారు గారు దీనికి జవాబు చెప్పగలరా?

జవాబు: ఒంగోలు విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు

ఆ అమ్మాయి ప్రశ్న మంచిది, తేదీలు పక్కపక్కన పెట్టి చూపించండి. 1994 అక్టోబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం ఉత్తర కొరియాలోని యోంగ్‌బ్యోన్ రియాక్టర్ ఆగింది, బాంబుకు పనికొచ్చే ప్లుటోనియం తీయగల దాదాపు 8,000 ఇంధన కడ్డీలు అంతర్జాతీయ తనిఖీదారుల కళ్ళ ముందు సీలు వేసి ఉన్నాయి. బదులుగా ఏటా 5 లక్షల టన్నుల ఇంధన నూనె, రెండు విద్యుత్ రియాక్టర్లు ఇస్తామన్నారు. రియాక్టర్ల పని ఏళ్ళ తరబడి ఆలస్యమైంది; అవతల ఉత్తర కొరియా బాంబుకు మరో దారి అయిన యురేనియం శుద్ధిని రహస్యంగా వెతుక్కుంది. 2002లో ఈ సంగతి బయటపడ్డాక అమెరికా నూనె ఆపింది, ఉత్తర కొరియా తనిఖీదారులను పంపేసింది, 2003 జనవరిలో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం నుంచి బయటికి వచ్చింది, 2006 అక్టోబరు 9న మొదటి పరీక్ష చేసింది. ఒప్పందం నడిచిన ఎనిమిదేళ్ళూ ఆ కడ్డీల నుంచి ప్లుటోనియం రాలేదు. ఒప్పందం తెగిన నాలుగేళ్ళలోపే బాంబు వచ్చింది. మోసం జరిగిందన్నది నిజం. మోసాన్ని పట్టుకున్న తరువాత, చేతిలో ఉన్న సీలును కూడా వదులుకోవడం అంతకంటే పెద్ద నష్టం తెచ్చింది. ఇరాన్‌కు అణ్వాయుధం లేకపోయినా అక్కడా ఇటువంటిదే జరిగింది. 2015 ఒప్పందం కింద యురేనియం శుద్ధి 3.67 శాతానికి పరిమితమై ఉండగా, 2018లో అమెరికా వైదొలగిన మూడేళ్ళకు అది బాంబుకు మరింత దగ్గరైన 60 శాతానికి పోయింది.

ఇక సుబేదారు గారి మాట. లాహోరు తరువాత కార్గిల్ జరిగిందన్న గాయాన్ని నేను తక్కువ చేయను. అయితే మన రెండు దేశాల మధ్య ఇంకో కాగితం ఉంది, దాని గురించి ఎవరూ ఊరేగింపులు చేయలేదు. 1988 డిసెంబరు 31న ఇస్లామాబాద్‌లో రాజీవ్ గాంధీ, బేనజీర్ భుట్టోల సమక్షంలో, ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని సంతకాలు చేశారు. ఏటా జనవరి 1న ప్రతి దేశమూ తన రియాక్టర్లు, ఇంధన కర్మాగారాలు, శుద్ధి కేంద్రాలు ఎక్కడున్నాయో అక్షాంశ రేఖాంశాలతో సహా రాసి రెండో దేశానికి ఇవ్వాలి. న్యూఢిల్లీలోనూ ఇస్లామాబాద్‌లోనూ ఒకే రోజున రెండు జాబితాలు చేతులు మారతాయి. 1992లో మొదలైన ఈ పని కార్గిల్ తరువాత వచ్చిన 2000 జనవరిలో ఆగలేదు. పార్లమెంటు మీద దాడి జరిగి లక్షల సైన్యం సరిహద్దుకు కదులుతున్న 2002 జనవరిలో ఆగలేదు. ముంబయి మారణహోమం జరిగి నెల తిరిగిన 2009 జనవరిలో కూడా ఆగలేదు.

2008 ఒప్పందం కింద జనవరి 1న, జులై 1న చెరసాలల్లో ఉన్న ఖైదీల, మత్స్యకారుల జాబితాలు కూడా ఇలాగే ఇచ్చిపుచ్చుకుంటారు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు 2018 చివరలో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళి పాకిస్థాన్ చేతిలో చిక్కారు. వాళ్ళు కరాచీ జైలులో ఉండగానే పుల్వామా, బాలాకోట్ జరిగాయి, 2019 ఆగస్టులో పాకిస్థాన్ మన హైకమిషనర్‌ను వెనక్కి పంపింది. అయినా 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి ఇంటికి వచ్చారు. పేరు జాబితాలో ఉంటే మనిషి ఉన్నాడని రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నట్టు, ఒప్పుకున్న మనిషిని అడగవచ్చు. సిందూర్ జరిగి రెండు నెలలైనా తిరగకముందే, 2025 జులై 1న ఆ జాబితాలు మళ్ళీ చేతులు మారాయి.

నేను సమర్థించేది ఈ రకం దౌత్యాన్ని. శిఖరాగ్ర సమావేశాలు, ఆలింగనాలు ఉన్నా లేకపోయినా, ఇది నమ్మకం మీద నడవదు కాబట్టి నమ్మకం పోయినప్పుడు చెడిపోదు. దాడికి బదులు చెప్పే హక్కును మనం వదులుకోనక్కరలేదు. కోపం వచ్చినప్పుడు మొట్టమొదట తెంచే తీగ మాత్రం ఇది కాకూడదు. భారతంలో రాయబారం విఫలమయ్యాక పద్దెనిమిది రోజుల యుద్ధం తరువాత ధర్మరాజుకు ఏలుకోవడానికి హస్తినాపురం ఉంది. ఇప్పటి యుద్ధం చివరిదాకా పోతే ఆ మాటా చెప్పలేం.

జవాబు: పొదిలి మాజీ సైనికుడు

మాస్టారూ, జాబితాల విషయంలోనూ, హాట్‌లైన్ విషయంలోనూ మీతో నాకు తేడా లేదు. తేడా ఎక్కడంటే, కాగితాన్ని చూసి ఆయుధం దించమనేవాళ్ళతో. 1994 డిసెంబరులో బుడాపెస్ట్‌లో అమెరికా, రష్యా, బ్రిటన్ సంతకాలు చేసి హామీ ఇస్తే ఉక్రెయిన్ తన నేల మీద ఉన్న అణ్వాయుధాలను రష్యాకు పంపేసింది. 2014లో క్రిమియా పోయింది, 2022 ఫిబ్రవరిలో మొత్తం దేశం మీదికే రష్యా వచ్చింది. లిబియా 2003లో తన అణు కార్యక్రమాన్ని అప్పగించింది, 2011లో ఆ దేశాన్ని ఏలిన గడాఫీ ఏమయ్యాడో చూశాం. ఇవి చూసిన ఏ దేశమూ, అందులో ఉత్తర కొరియా ముందు, చేతిలో ఉన్నదాన్ని ఇక వదలదు. మేడమ్ గారి విద్యార్థినికి ఇది కూడా చెప్పాలి.

ఉగ్రవాదం ఆగకుండా క్రికెట్టు, వ్యాపారం, పెద్ద చర్చలు మొదలుపెట్టడానికి నేను ఇప్పటికీ వ్యతిరేకమే. కాని సూళ్ళూరుపేట తమ్ముడు చెప్పిన క్రూయిజ్ క్షిపణుల సంగతి నన్ను ఆలోచింపజేసింది. 2025 మేలో రెండు వైపుల నుంచీ డ్రోన్లు వందల సంఖ్యలో ఎగిరాయి. అవి ఏ ఒప్పందంలోనూ లేవు, అందులో ఏది కెమెరా మోసుకొస్తోందో ఏది పేలుడు పదార్థం మోసుకొస్తోందో కింద ఉన్న సిపాయికి తెలియదు. స్నేహం లేకుండానే, రాయబారులు లేకుండానే, రెండు డైరెక్టర్ జనరళ్ళ ఫోన్ మీదనే 2005 ఒప్పందంలోకి క్రూయిజ్ క్షిపణులను చేర్చవచ్చు. పొరపాటున ఏదైనా ఎగిరితే రెండు రోజులు కాదు, రెండు నిమిషాల్లో చెప్పే నియమం పెట్టుకోవచ్చు. అణు కేంద్రాల చుట్టూ ఇన్ని కిలోమీటర్ల లోపల డ్రోన్ ఎగరరాదని గీత గీసుకోవచ్చు. ఇందులో ఏదీ మనం తగ్గినట్టు కాదు. దీని మీద మాట్లాడమంటే మా రెజిమెంటులో పనిచేసిన ఏ జవానూ కాదనడు.